పరిమిత ప్రతుల వినైల్ సింగిల్‌ను వెలువరించడం ఎలా: రాక్ బృందాలకు ఒక మార్గదర్శిని

1988 నవంబరులో అమెరికాలోని సియాటిల్‌కు చెందిన సబ్ పాప్ అనే రికార్డుల సంస్థ నిర్వాణ అనే రాక్ బృందపు మొదటి సింగిల్‌ను, అంటే వైపుకొక పాట ఉండే చిన్న రికార్డును, ఏడంగుళాల పరిమాణంలో 1000 ప్రతులు అచ్చు వేయించి, ఒక్కొక్క ప్రతి మీద చేత్తో సంఖ్య వేసి, తన సింగిల్స్ క్లబ్ చందాదారులకు పంపింది. అప్పటికి ఆ బృందం పేరు చాలామందికి తెలియదు. పరిమిత ప్రతుల సింగిల్ తీసుకురాదలచిన బృందం ఆ 1000 అనే అంకెను గుర్తు పెట్టుకోవాలి. ప్రతి మీద వేసే సంఖ్య కొనేవారికి మీరు ఇచ్చే మాట కాబట్టి, పాట ఎంపిక మొదలుకొని పార్సిలు కట్టేదాకా ప్రతి నిర్ణయం ఆ మాటకు లోబడే ఉండాలి.

అందువల్ల ముందుగా ఎన్ని ప్రతులో తేల్చుకోండి. ధ్వనిని మోసే సన్నని గాడిని కోయించడానికీ, ప్రతులను ఒత్తే లోహపు అచ్చుపలక తయారీకీ అయ్యే ఖర్చు 100 ప్రతులకైనా 500 ప్రతులకైనా ఒకటే కనుక, సంఖ్య తగ్గేకొద్దీ ఒక్కో ప్రతి ధర పెరుగుతుంది. కనీస ఆర్డరు చాలా కర్మాగారాల్లో 100 గానీ 300 గానీ ఉంటుంది. మీకు ఇరవయ్యో యాభయ్యో చాలనుకుంటే, ఒక్కో రికార్డునూ పాట నడిచినంతసేపూ విడిగా కోసి ఇచ్చే లేత్ కట్ పద్ధతి ఉంది. అయితే ధ్వని నాణ్యతలో అది అచ్చు రికార్డుకు సాధారణంగా సాటి రాదు. ఇంకో సంగతి: మీరు 300 అడిగితే కర్మాగారం సరిగ్గా 300 ఇవ్వదు, పది శాతం అటూ ఇటూ కావడం ఈ వ్యాపారంలో మామూలే, ఒప్పందంలోనే ఆ మాట రాసి ఉంటుంది. కనుక మొత్తం సంఖ్యను కవరు మీద ముందే అచ్చు వేయించకుండా, ప్రతులు చేతికొచ్చి లెక్కపెట్టుకున్నాకే వేయాలి. రవాణాలో దెబ్బతిన్నవాటికి బదులు ఇవ్వడానికి కొన్నింటిని సంఖ్య వేయకుండా పక్కన పెట్టి, ఆ విషయాన్ని కొనేవారికి ముందే చెప్పండి.

పాట నిడివి తరవాతి ప్రశ్న. నిమిషానికి 45 చుట్లు తిరిగే ఏడంగుళాల రికార్డు మీద, రాక్ సంగీతానికి తగిన బిగ్గరతనం కావాలంటే, ఒక్కో వైపు నాలుగు నిమిషాలు, మహా అయితే నాలుగున్నర. పాట పొడుగైతే గాడులను దగ్గరదగ్గరగా కోయాలి, అలా కోయాలంటే ధ్వని తీవ్రతను తగ్గించాలి. తెలుగు ఇళ్లలో ఒకప్పుడు మోగిన సినిమా పాటల ఈపీలూ ఇదే పరిమాణంలో ఉండేవి, వాటిలో ఒక్కో వైపు తరచు రెండేసి పాటలు పట్టించేవారు. సింగిల్‌కు ఆ ఇరుకు లేదు కాబట్టి ఆ వెసులుబాటును పూర్తిగా వాడుకోండి. పైగా ప్లేయరు ముల్లు లోపలికి పోయేకొద్దీ దాని కింద గాడి నడిచే వేగం పడిపోతుంది: బయటి అంచు దగ్గర సెకనుకు సుమారు 40 సెంటీమీటర్లున్నది లోపలి చివరికి 25 దాకా దిగుతుంది. డ్రమ్ముల తాళాలూ (సింబల్స్) అరుపులూ గిటార్లూ అన్నీ చివరి అరనిమిషంలో ఒక్కసారి విరుచుకుపడే పాటను పొడుగుగా ఉంచితే, సరిగ్గా ఆ ఘట్టంలోనే ధ్వని చెదురుతుంది. నా దృష్టిలో మూడు నిమిషాల పాటే సింగిల్‌కు ఉత్తమం.

ఎంచుకున్న పాట ఇతరులదైతే హక్కుల సంగతి ఇప్పుడే చూసుకోవాలి. పైన చెప్పిన నిర్వాణ సింగిల్‌లోని మొదటి పాట 'లవ్ బజ్' నిజానికి డచ్ బృందం షాకింగ్ బ్లూది. రికార్డింగు మీదే అయినా, స్వరరచనకూ సాహిత్యానికీ హక్కుదారులకు రాయల్టీ చెల్లించి లైసెన్సు పొందవలసిందే. భారతదేశంలో కాపీరైటు చట్టపు 31సీ సెక్షను కింద ఇలాంటి పునర్గానానికి వీలున్నా, మొదటి రికార్డింగు జరిగిన సంవత్సరం ముగిశాక ఐదేళ్లు నిండాలి. అధికార సంస్థ తగ్గిస్తే తప్ప, ఏడాదికి కనీసం 50,000 ప్రతులకు రాయల్టీ కట్టాలి. మూడు వందల ప్రతులకు అది అయ్యే పని కాదు కనుక హక్కుదారులతో నేరుగా మాట్లాడుకుని రాతపూర్వకంగా అనుమతి తీసుకోవడమే దారి.

మాస్టరింగు, అంటే కోతకు పంపే తుది ధ్వనిఫైలు తయారీ, దగ్గర మాత్రం తొందరపడవద్దు. స్ట్రీమింగ్ కోసం బిగించి గట్టిపరిచిన మాస్టరును పంపితే రికార్డు మీద అది నీరసంగా, గరగరగా వినిపిస్తుంది. లిమిటరు (ధ్వని శిఖరాలను అణిచే సాధనం) ఒత్తిడి లేని విడి మాస్టరును 24 బిట్ల వేవ్ ఫైలుగా, వైపుకొకటి చొప్పున ఇవ్వండి. బేస్ గిటారు, కిక్ డ్రమ్ముల మంద్రధ్వనులు, సుమారు 150 హెర్ట్జ్‌కు దిగువన ఉన్నవి, రెండు చానళ్లలోనూ సమానంగా ఉండాలి. ఎడమ కుడి చానళ్లలో మంద్రధ్వని ఒకదానికొకటి ఎదురుగా కదిలితే గాడి పక్కలకు కాక పైకీ కిందకీ ఊగి, ముల్లు ఎగిరిపోతుంది. గాయకుడి గొంతులోని 'స', 'ష' శబ్దాలనూ తాళాల తీవ్రతనూ మిక్సింగులోనే అదుపు చేయించండి. రికార్డు కోసేటప్పుడు ఆర్‌ఐఏఏ (అమెరికా రికార్డింగు పరిశ్రమ సంఘం) ప్రమాణం ప్రకారం మంద్రాన్ని తగ్గించి తారస్థాయిని పెంచుతారు, వినేటప్పుడు యాంప్లిఫయరు దాన్ని తిరగేస్తుంది. కాబట్టి ముందే ఎక్కువగా ఉన్న పదును కోత యంత్రం దగ్గర ఇంకా ఎక్కువై దాని తలను వేడెక్కిస్తుంది.

కోతకు రెండు దారులు. అల్యూమినియం పలక మీద పూసిన లాకరులో కోయడం పాత పద్ధతి. నేరుగా రాగి పూత మీద కోయడం రెండోది. 2020 ఫిబ్రవరి 6న కాలిఫోర్నియాలోని బానింగ్‌లో అపోలో మాస్టర్స్ కర్మాగారం కాలిపోయాక లాకరు పలకల సరఫరా ప్రధానంగా జపాన్‌లోని ఒకే సంస్థ మీద ఆధారపడింది, దాంతో కోతకు వరుసలో నిలబడవలసి వచ్చింది. లాకరు మెత్తనిది కనుక కోసిన కొద్ది రోజుల్లోనే దాని మీద వెండి చల్లి, నికెల్ పూత పోసి, అచ్చుపలకను తీయాలి. ఒక్కో అచ్చుపలక సుమారు వెయ్యి ప్రతుల దాకా నిలుస్తుంది. కోయించేటప్పుడు గాడి ముగిసిన చోట, లేబులుకు ముందుండే ఖాళీ వలయంలో ఒక మాట గీకమని ఇంజనీరును అడగవచ్చు. నిర్వాణ తొలి సింగిల్ మీద కూడా అలాంటి రాత ఉంది. అదనపు ఖర్చు లేకుండా రికార్డుకు వ్యక్తిత్వం ఇచ్చే పని ఇదొక్కటే.

తరవాత కర్మాగారం ఐదో పదో నమూనా ప్రతులు పంపుతుంది. ఈ దశను మొక్కుబడిగా దాటించడం నేను చూసిన పొరపాట్లన్నిటిలోకీ ఖరీదైనది, ఎందుకంటే సరే అని మీరు సంతకం చేశాక తప్పు మీదే అవుతుంది. కనీసం మూడు ప్రతులను, ఒక మంచి ప్లేయరు మీదా ఒక చవక ప్లేయరు మీదా, మొదటి నుంచి చివరిదాకా వినండి. ఒకే చోట ఒకే టిక్కుమనే చప్పుడు అన్ని ప్రతుల్లోనూ వస్తే లోపం అచ్చుపలకలోనో కోతలోనో ఉన్నట్టు. ఒక్క ప్రతిలోనే వస్తే అది ఆ ప్రతికి పరిమితమైన దోషం. చప్పుడు సెకనూ మూడో వంతుకొకసారి తిరిగి వస్తుంటే గాడులకు అడ్డంగా గీత పడిందన్నమాట, ఎందుకంటే 45 వేగంలో ఒక చుట్టుకు పట్టే కాలం అదే. సాగదీసిన స్వరం అలలా ఊగుతుంటే నడిమి రంధ్రం పక్కకు జరిగింది. బట్ట చీలినట్టు బుసబుసమంటుంటే వినైల్ గాడిలోకి పూర్తిగా నిండలేదు. లోపాన్ని నిమిషాలూ సెకన్లతో సహా రాసి పంపండి. నమూనాలకు ఆమోదం ఇచ్చేదాకా విడుదల తేదీని ప్రకటించవద్దు.

రంగు, లేబులు, రంధ్రం పనులు సులువైనవే. లేబులు కాగితానికి జిగురు ఉండదు, వేడికీ ఒత్తిడికీ వినైల్‌తో కలిసిపోతుంది. కాగితంలో తేమ ఉంటే బుడగలొస్తాయి కనుక దాన్ని ముందుగా ఆరబెట్టారా అని అడగండి. అమెరికా తరహా 38 మిల్లీమీటర్ల పెద్ద రంధ్రం కావాలనుకుంటే ప్రతితోపాటు ఒక అడాప్టరును కూడా ఇవ్వడం మర్యాద. నాలుగు రంగుల్లో తెచ్చి ఒకే అభిమాని చేత నాలుగుసార్లు కొనిపించే పద్ధతిని నేను సమర్థించను.

అమ్మకంలో మనిషికొక ప్రతి అనే నియమం పెడితే దళారుల బెడద కొంత తగ్గుతుంది. పంపేటప్పుడు రికార్డును అచ్చు కవరులోంచి తీసి, లోకవరుతో సహా దాని వెనక పెట్టి, రెండు గట్టి అట్టల మధ్య బిగించండి. లేకపోతే దారిలో రికార్డు అంచు కవరు అతుకును చీలుస్తుంది. వినైల్ ఎండకు వంగిపోతుంది కాబట్టి, వేసవిలో హైదరాబాదుకో విజయవాడకో పంపే పెట్టెలను మూసిన వాహనంలో వదలవద్దని కొరియరువారికి చెప్పండి, ఇంట్లో నిల్వను నిలువుగానే ఉంచండి. ప్రతులన్నీ అమ్ముడై మళ్లీ అచ్చు వేయాలని నిర్ణయిస్తే, కవరు రంగు మార్చి, లేబులు మీద రెండో ముద్రణ అని స్పష్టంగా వేసి, సంఖ్యలు వేయకుండా తీసుకురండి. మొదటి ముద్రణ కొన్నవారికి ఆ సంగతి అందరికన్నా ముందు తెలియజేయండి.