క్రిస్మస్ బాల్ క్యాడ్‌లో చెడుతోందా? రివాల్వ్ నుంచి లక్క మెరుపు దాకా సమస్య - పరిష్కారం

ఇక్కడ మాట్లాడుకునేది ఒకే ఒక్క వస్తువు గురించి. చెట్టుకు వేలాడదీసే 60 మి.మీ. వ్యాసం బాల్, ఏటికొప్పాక లక్కబొమ్మ తరహాలో. గోడ మందం 1.2 మి.మీ., నడుము చుట్టూ ఉబ్బెత్తు నక్షత్రాలు 8, వాటికి పైనా కిందా ఒక్కో గాడి, నెత్తిన బంగారు రంగు టోపీ, దానికి కొక్కెం. మోడల్ ఫ్యూజన్‌లో (క్యాడ్, అంటే కంప్యూటర్‌లో కొలతలతో వస్తువు గీసే సాఫ్ట్‌వేర్), రెండర్ (ఆ మోడల్ నుంచి ఫోటోలాంటి బొమ్మ తీయడం) బ్లెండర్ 4.2 లేదా ఆ తర్వాతి వెర్షన్‌లో చేస్తున్నారనుకుందాం.

తప్పు ఎక్కడుందో తేలకపోతే ముందు ఒక పరీక్ష చేయండి. రంగులన్నీ తీసేసి మొత్తానికి ఒకే బూడిదరంగు మెటీరియల్, రఫ్‌నెస్ (గరుకుదనం) 0.3 పెట్టి రెండర్ కొట్టండి. లోపం అలాగే ఉంటే చాలావరకు అది మోడల్‌ది. మాయమైతే మెటీరియల్‌దో లైటుదో. ఈ పని చేయకుండా స్లైడర్లు జరుపుతూ కూర్చుంటే పూట గడిచిపోతుంది, బాల్ మాత్రం బాగుపడదు.

రివాల్వ్‌కు ప్రొఫైల్ దొరకట్లేదు

రివాల్వ్ అంటే సగం ఆకారపు గీతను (ప్రొఫైల్) అక్షం చుట్టూ తిప్పి బాల్ చేయడం. అది దొరకట్లేదంటే స్కెచ్ మూసుకోలేదు. మూసుకున్న ప్రొఫైల్ లోపల లేత నీలం నిండుతుంది. నిండలేదంటే ఎక్కడో రెండు చివరలు కలిసినట్టు కనిపిస్తున్నాయి కానీ కలవలేదు. మూలమూలకీ జూమ్ చేసి చూసి, విడిపోయిన చోట కోఇన్సిడెంట్ (రెండు చివరల్ని కలిపి ఉంచే నిబంధన) పెట్టండి. ప్రొఫైల్ నిండినా రివాల్వ్ ఎర్రర్ ఇస్తుంటే, స్ప్లైన్ (వంపు గీత) ఎక్కడో అక్షం దాటి అవతలికి వెళ్లిందన్నమాట.

బాల్ అడుగున చిన్న మొన, లేదా గుంట

స్ప్లైన్ అక్షాన్ని తాకే చోట లంబంగా తాకట్లేదు. ఒక్క డిగ్రీ తేడా ఉన్నా మ్యాట్ రంగులో కనబడదు. నిగనిగలాడే లక్క రంగు వేయగానే అడుగున మెరుపు ఒక చుక్క దగ్గర చిట్లిపోయినట్టు వస్తుంది. ఆ చివరనున్న హ్యాండిల్‌ను పట్టుకుని హారిజాంటల్ కన్‌స్ట్రైంట్ ఇవ్వండి. పైన టోపీ కింద దాగే భాగానికి ఈ జాగ్రత్త అక్కర్లేదు.

షెల్ కొడితే ఫెయిల్ అవుతోంది

గాడులు గీసి, వాటి అంచులకు ఫిల్లెట్ (గుండ్రం చేయడం) ఇచ్చాక షెల్ (లోపల బోలు చేసి గోడ మిగిల్చే ఆదేశం) కొట్టడం వల్ల ఇలా జరుగుతుంది. బయటికి ఉబ్బిన అంచు గుండ్రదనం 0.8 మి.మీ., గోడ 1.2 మి.మీ. అయితే, ఆ ఉపరితలాన్ని లోపలికి 1.2 జరిపేసరికి వ్యాసార్థం సున్నా కంటే తక్కువకు పోవాలి. అది కుదరదు కాబట్టి సాఫ్ట్‌వేర్ చేతులెత్తేస్తుంది.

వరుస మార్చండి. నున్నటి బాల్‌కు ముందు షెల్. తర్వాత బయటి నుంచి 0.4 మి.మీ. లోతు గాడులు. ఫిల్లెట్లు అన్నిటికంటే చివర. గాడి దగ్గర ఇంకా 0.8 మి.మీ. గోడ మిగులుతుంది. 3డీ ప్రింట్ తీస్తే 0.4 మి.మీ. నాజిల్‌కు (ప్లాస్టిక్ వచ్చే మూతికి) సరిగ్గా రెండు వరసలు, అంతకంటే పల్చగా పోనివ్వొద్దు.

నక్షత్రం మధ్యలో అంటుకుంది, కొనలు గాల్లో లేచాయి

బల్లపరుపు నక్షత్రాన్ని గోళం మీద పెడితే ఇంతే. లెక్క చూడండి: 14 మి.మీ. వెడల్పు నక్షత్రం కొన మధ్య నుంచి 7 మి.మీ. దూరంలో ఉంటుంది. 30 మి.మీ. వ్యాసార్థం గోళం అక్కడికి 0.8 మి.మీ. పైచిలుకు కిందికి వంగిపోతుంది. నక్షత్రం ఎత్తే 0.6 మి.మీ. అయినప్పుడు ఆ సందు దాగదు.

నక్షత్రాన్ని అక్షం నుంచి 29 మి.మీ. దూరంలోని ప్లేన్ మీద గీసి బయటికి 3 మి.మీ. ఎక్స్‌ట్రూడ్ చేయండి (మందంగా లాగండి), న్యూ బాడీగా, అంటే విడి వస్తువుగా. అప్పుడు కొనల దగ్గర కూడా మొదలు గోడ లోపలే ఉంటుంది, కానీ గోడ దాటి బాల్ లోపలికి పొడుచుకురాదు. తర్వాత అదే కేంద్రంలో 30.6 మి.మీ. వ్యాసార్థం గోళం ఇంకొక బాడీగా చేసి, కంబైన్‌లో ఇంటర్‌సెక్ట్ (రెండూ కలిసే భాగాన్నే మిగిల్చేది) కొట్టండి. పై ముఖం బాల్ వంపునే అనుసరిస్తుంది. దీన్ని సర్క్యులర్ ప్యాటర్న్‌తో 8 చేసి, అప్పుడే బాల్‌కు జాయిన్ చేయండి. నడుము చుట్టుకొలత సుమారు 188 మి.మీ. కాబట్టి నక్షత్రానికీ నక్షత్రానికీ మధ్య 9.5 మి.మీ. ఖాళీ వస్తుంది, కంటికి హాయిగా ఉంటుంది. పది పెడితే కిక్కిరిసిపోతుంది.

బ్లెండర్‌లోకి తెచ్చాక బాల్ కనబడట్లేదు, లేదా ముందు భాగం కోసుకుపోయింది

ఫ్యూజన్ నుంచి పంపే ఎస్‌టీఎల్ (ఆకారాన్ని త్రికోణాలుగా దాచే) ఫైల్‌లో కొలత ప్రమాణం ఉండదు, ఉత్త అంకెలే ఉంటాయి. 60 మి.మీ. బాల్‌ను బ్లెండర్ 60 మీటర్లుగా చదువుతుంది. ఇంపోర్ట్‌లో స్కేల్ 0.001 ఇవ్వండి. అది ఇచ్చాక రెండో చిక్కు వస్తుంది: కెమెరా క్లిప్ స్టార్ట్ 0.1 మీటరు, అంటే పది సెంటీమీటర్ల కంటే దగ్గరున్నది కెమెరాకు కనబడదు. దాన్ని 0.001 చేయండి. లైటు కూడా చూసుకోవాలి. మామూలుగా వచ్చే 1000 వాట్ల పాయింట్ లైటు ఈ బాల్ పక్కన పెడితే అంతా తెల్లగా పేలిపోతుంది. ఒకటి రెండు వాట్లతో మొదలుపెట్టండి.

మెరుపులో పలకలు పలకలుగా గీతలు

ఎక్స్‌పోర్ట్ ముతకగా జరిగింది. ఫ్యూజన్‌లో రిఫైన్‌మెంట్ కస్టమ్‌కు మార్చి సర్ఫేస్ డీవియేషన్ 0.01 మి.మీ., నార్మల్ డీవియేషన్ 5 డిగ్రీలు పెట్టి మళ్లీ పంపండి. బ్లెండర్‌లో షేడ్ ఆటో స్మూత్, 30 డిగ్రీలు. బాల్ నున్నగా అవుతుంది, నక్షత్రాల అంచులు పదునుగా నిలుస్తాయి. సబ్‌డివిజన్ మాడిఫయర్ జోలికి పోవద్దు. ఎస్‌టీఎల్‌లోని సన్నని పొడవాటి త్రికోణాలను అది గతుకులుగా మారుస్తుంది.

లక్కలా లేదు, కారు పెయింట్‌లా ఉంది

అందరూ మెటాలిక్ పెంచేస్తారు. లక్క లోహం కాదు, మెటాలిక్ 0 ఉండాలి. టోపీకి మాత్రమే 1. లక్కకు ఐఓఆర్ (వక్రీభవన గుణకం) 1.5, రఫ్‌నెస్ 0.2 దగ్గర మొదలుపెట్టండి.

అసలు తేడా అంకెల్లో కంటే ఉపరితలంలో ఉంది. ఏటికొప్పాకలో అంకుడు కర్రను లేత్ మీద తిప్పుతూ లక్క కడ్డీని అదిమితే, ఆ రాపిడి వేడికి లక్క కరిగి పట్టుకుంటుంది. తర్వాత మొగలి ఆకుతో నునుపు చేస్తారు. అందుకే బొమ్మ ఎంత నున్నగా ఉన్నా చుట్టూ అతి సన్నని వలయాలు మిగులుతాయి. ఒక బొమ్మను కిటికీ పక్కన పెట్టి మెల్లగా తిప్పి చూడండి. మెరుపు అంచు గీత గీసినట్టు తెగదు, సన్నగా అదురుతూ ఉంటుంది. రంగు పట్టీలు కలిసేచోట కూడా ఒక రంగు మరోదాని మీదికి వెంట్రుకంత పాకి ఉంటుంది.

దీనికి వేవ్ టెక్స్చర్‌ను రింగ్స్‌గా కాకుండా, ఎత్తును బట్టి వచ్చేలా బ్యాండ్స్‌గా, జడ్ దిశలో పెట్టి, ఉపరితలం ఎగుడుదిగుడుగా కనిపించేలా చేసే బంప్ నోడ్‌కు కలపండి. స్ట్రెంగ్త్ 0.03 నుంచి 0.05 చాలు. అదే టెక్స్చర్‌ను రఫ్‌నెస్‌కూ కొద్దిగా ఇవ్వండి, 0.17 నుంచి 0.25 మధ్య తిరిగేలా. పట్టీల అంచుకు నాయిస్ టెక్స్చర్ కొద్దిగా కలిపితే గీత స్కేలుతో గీసినట్టుండదు.

టోపీ నల్లగా ఉంది

లోహానికి తన సొంత వెలుగు లేదు, చుట్టూ ఉన్నదాన్నే చూపిస్తుంది. చుట్టూ ఏమీ లేకపోతే నలుపే. వరల్డ్‌లో ఒక హెచ్‌డీఆర్‌ఐ (చుట్టుపక్కల వెలుగును పట్టిన 360 డిగ్రీల ఫోటో) పెట్టండి. పోలీ హేవెన్‌లో ఉచితంగా దొరుకుతాయి, సీసీ0 (హక్కులు వదిలేసిన) లైసెన్స్ కాబట్టి అమ్మకానికి వాడే బొమ్మలకూ ఇబ్బంది లేదు. గదిలో తీసినవి ఎంచుకోండి, కిటికీ ఆకారం బాల్ మీద పడితే అందమే వేరు.

తెల్ల చుక్కలు, లేదా వలయాలన్నీ అలుక్కుపోయాయి

చుక్కలకు క్లాంప్ ఇన్‌డైరెక్ట్‌ను 10 నుంచి 4కి దించి, కాస్టిక్స్ (మెరుపు నుంచి చిమ్మే వెలుగు మచ్చలు) రెండూ ఆపండి. చిన్న లైటును పెద్ద ఏరియా లైటుగా మార్చినా తగ్గుతాయి. అలుక్కుపోవడం డీనాయిజ్ (రెండర్‌లో మచ్చలు తుడిచే సాధనం) పని. శాంపిల్స్ తక్కువైతే అది సన్నని వలయాలను కూడా మచ్చలనుకుని తుడిచేస్తుంది. నాయిస్ థ్రెషోల్డ్‌ను 0.01 కంటే పెంచకండి.

ఎరుపు వెలిసిపోయినట్టుంది

బ్లెండర్ 4.0 నుంచి మామూలుగా వచ్చే వ్యూ ట్రాన్స్‌ఫామ్ (రంగులను తెరకు తగ్గట్టు మార్చే పద్ధతి) ఎజిఎక్స్. వెలుగు ఎక్కువ పడిన చోట అది రంగును పలచన చేస్తుంది. లుక్‌లో మీడియం హై కాంట్రాస్ట్ పెట్టి చూడండి, చాలకపోతే స్టాండర్డ్‌కు మారి లైటు తగ్గించండి.

ప్రింట్ తీస్తే దారాలు, కొక్కెం విరగడం

విశాఖ సముద్రపు గాలిలో తెరిచి వదిలేసిన పీఎల్‌ఏ (ప్రింటర్ ప్లాస్టిక్ తీగ) చెమ్మ పీల్చుకుంటుంది, నాజిల్ దగ్గర చిటపటలాడుతూ దారాలు తీస్తుంది. 45-50 డిగ్రీల దగ్గర 4 నుంచి 6 గంటలు ఆరబెట్టి, సిలికా జెల్ వేసిన గాలి చొరబడని డబ్బాలో పెట్టండి. కొక్కెం నిలువుగా ప్రింట్ చేస్తే పొరల మధ్యే తెగుతుంది. దాన్ని విడిగా పడుకోబెట్టి ప్రింట్ చేసి అతికించండి, రంధ్రం 3 మి.మీ., చుట్టూ 2 మి.మీ. మందం ఉంచండి. బోలు బాల్ సుమారు 16 గ్రాములే కాబట్టి ఈ కొలత బాగా సరిపోతుంది. ఎండలో ఆపిన కారు అద్దానికి మాత్రం పీఎల్‌ఏ బాల్ వేలాడదీయొద్దు, 60 డిగ్రీల దగ్గర అది మెత్తబడి సాగుతుంది. కారుకే కావాలంటే పీఈటీజీలో (వేడిని ఇంకొంచెం తట్టుకునే ప్లాస్టిక్) తీయండి.