మెక్సికో రిజర్వు ఫుట్‌బాల్ జట్టు చరిత్ర తెలుగులో రాయాలంటే

పర్లాకిమిడిలోనో బరంపురంలోనో కూర్చుని తపతీయో లాంటి జట్టు గురించి రాద్దామంటే సమాచారం బాగానే దొరుకుతుంది. చిక్కల్లా దొరికిందంతా ఒకే జట్టుదని నమ్మేయడంతోనే. తపతీయో మెక్సికోలోని గ్వాదలహారా నగరపు పెద్ద క్లబ్బు చివాస్‌కు రిజర్వు జట్టు, అంటే ప్రధాన జట్టు కింద ఆడే రెండో జట్టు. ఆ పేరుతో ఇదివరకే ఒక జట్టు ఆడి, మూతపడింది. 2020లో మెక్సికో ఫుట్‌బాల్ రెండో అంచెలో, అంటే అగ్రశ్రేణి లీగుకు కింది స్థాయిలో, కొత్త లీగు మొదలైనప్పుడు చివాస్ ఆ పేరును మళ్లీ బయటికి తీసింది. పాత జట్టు గోల్సూ కొత్త జట్టు గోల్సూ ఒకే లెక్కలో కలిపేస్తే ఇక ఆ వ్యాసాన్ని బాగుచేయడం కష్టం.

అందుకని ముందు ఎక్సెల్ షీటులో పేరు, ఊరు, లీగులో ఆడే హక్కు అని మూడు గళ్లు విడివిడిగా పెట్టుకోండి. మెక్సికోలో ఆ హక్కు చేతులు మారుతుంది, ఊళ్లు కూడా మారుతుంది. 2020లో మొరేలియా జట్టు మసత్లాన్‌కు తరలిపోయింది. అదే ఏడాది సకతెపెక్ జట్టు హక్కుతో మొరేలియాలో అట్లెతికో మొరేలియా వెలిసింది. ఊరు ఒకటే, జట్లు రెండు. 2019లో ఢిల్లీ డైనమోస్ భువనేశ్వర్‌కొచ్చి ఒడిశా ఎఫ్‌సీ కావడం చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది.

లీగు పేర్ల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. రెండో అంచె లీగు 1994లో ‘ప్రిమేరా దివిసియోన్ A’ అనే పేరుతో వచ్చి, 2009లో లీగా దె అసెన్సో, 2012లో అసెన్సో ఎమ్‌ఎక్స్, 2020లో లీగా దె ఎక్స్‌పాన్సియోన్ అయింది. పర్లాకిమిడి పాత కాగితాల్లో మద్రాసు ప్రెసిడెన్సీ అని, 1936 తర్వాత ఒడిశాలోని గంజాం జిల్లా అని, 1992 నుంచి గజపతి జిల్లా అని ఉన్నట్టే ఇదీ. ఆ ఏడాది ఏ పేరుంటే ఆ పేరే రాయండి, పక్క గడిలో ‘రెండో అంచె’ అని వేయండి. పేరులో ‘సెగుందా’, అంటే రెండోది, కనిపించగానే రెండో అంచె అనుకోవద్దు. ఇప్పటి సెగుందా దివిసియోన్ నిజానికి మూడో అంచె.

ఏడాదికి ఛాంపియన్లు ఇద్దరు. 1996 నుంచి సీజన్‌ను రెండు టోర్నీలుగా ఆడిస్తున్నారు. జూలై ప్రాంతంలో మొదలయ్యేది అపెర్తూరా, జనవరిలో మొదలయ్యేది క్లౌసూరా. కాబట్టి ‘2023 ఛాంపియన్ తపతీయో’ అంటే సగమే చెప్పినట్టు. షీటులో వరస ఇలా ఉండాలి: క్లౌసూరా 2023, లీగా దె ఎక్స్‌పాన్సియోన్, రెండో అంచె, ఛాంపియన్, ఫైనల్ ప్రత్యర్థి అట్లెతికో మొరేలియా. గెలిచినా పై అంచెకు వెళ్లలేదేమిటని పాఠకులు తప్పక అడుగుతారు. పై అంచెకు ఎక్కించడం 2020లోనే ఆపేశారన్న వాక్యం అక్కడే చేర్చండి. కరోనా కాలపు టోర్నీలకు గువార్దియానెస్ 2020, గువార్దియానెస్ 2021 అని పేర్లు పెట్టారు. అవి వేరే కప్పులు కావు, మామూలు అపెర్తూరా, క్లౌసూరాలే.

తేదీలు తప్పేది టైము తేడా వల్ల. గ్వాదలహారాలో శనివారం రాత్రి 7 గంటలకు మొదలైన మ్యాచ్ మనకు ఆదివారం పొద్దున 6:30కి పడుతుంది. మన ఫోన్‌లోని స్కోరు యాప్ ఆదివారం అనే చూపిస్తుంది. వ్యాసంలో మాత్రం శనివారం తేదీయే ఉండాలి. 2022 అక్టోబరు దాకా అక్కడ వేసవిలో గడియారాలు ఒక గంట ముందుకు జరిపేవారు కాబట్టి, అప్పటి వేసవి మ్యాచ్‌లకు తేడా పదకొండున్నర గంటలు కాదు, పదిన్నర.

ఆటగాళ్ల పేర్లలో ఇంటిపేర్లు రెండుంటాయి, ముందు తండ్రిది, తర్వాత తల్లిది. చిచరీతో అని పిలిచే మెక్సికో ఆటగాడు హవియేర్ ఎర్నాందెస్ బల్కాసర్‌ను ‘బల్కాసర్’ అని క్లుప్తంగా రాస్తే ఆయన తాతగారవుతారు. తల్లి తండ్రి తోమాస్ బల్కాసర్ 1954 ప్రపంచ కప్ ఆడిన మనిషి. తండ్రి పేరూ హవియేర్ ఎర్నాందెసే, ఆయనా 1986 ప్రపంచ కప్ జట్టులో ఉన్నారు. తండ్రీ కొడుకులను విడదీసేది ఆ రెండో ఇంటిపేరే, దాన్ని మొదటి ప్రస్తావనలో ఎప్పుడూ వదలకండి.

గోల్స్ లెక్క చివర్లో పెట్టుకోండి. రిజర్వు జట్టు కుర్రాడు ఒక వారం చివాస్‌కు, మరో వారం తపతీయోకు, మధ్యలో క్లబ్బులో వయసు పరిమితి ఉన్న కుర్రాళ్ల జట్టుకు ఆడొచ్చు. మూడింటికీ మూడు గళ్లు ఉండాలి. మ్యాచ్ నివేదిక దొరకని గడిలో సున్నా వేయకండి, ఖాళీగా ఉంచండి. సున్నా అంటే ఆడి గోల్ కొట్టలేదని అర్థం.