హెచ్‌బీసీయూ ఫుట్‌బాల్ జట్టులో చోటు: హైస్కూల్ నుంచే ఎలా సిద్ధపడాలి?

అమెరికాలో హైస్కూల్ ఫుట్‌బాల్ ఆడే అబ్బాయి ఇంట్లో ఉంటే, కాలేజీ మాట రాగానే అలబామా, జార్జియా, ఒహాయో స్టేట్ పేర్లే వినపడతాయి. శుక్రవారం రాత్రి మ్యాచ్‌లలో బాగా ఆడేవాళ్లలో అంత దూరం వెళ్లేది బహు కొద్దిమంది. మిగతావాళ్లలో మంచి ఆటగాళ్లు, మంచి విద్యార్థులు చాలామంది ఉంటారు. వాళ్లు తప్పకుండా చూడాల్సిన కాలేజీలు హెచ్‌బీసీయూలు. నల్లజాతి పిల్లల చదువు కోసం 1964కు ముందే ఏర్పడిన కాలేజీలకు 1965లో వచ్చిన ఉన్నత విద్యా చట్టం ఇచ్చిన గుర్తింపు అది. ఇవి దేశం మొత్తం మీద దాదాపు 100 ఉన్నాయి. ఏ జాతి పిల్లలైనా చేరవచ్చు, చేరుతున్నారు కూడా. హ్యూస్టన్, డాలస్, అట్లాంటా చుట్టుపక్కల ఉండే మన తెలుగు కుటుంబాలకు ఇవి కారులో వెళ్లి చూసి రాగలిగే దూరంలోనే ఉన్నాయి.

ఆడేది మీ అబ్బాయి కావచ్చు, మీ అబ్బాయి స్నేహితుడు కావచ్చు, మీ బడిలో చదివే కుర్రాడు కావచ్చు. దారి అందరికీ ఒకటే.

ముందు ఆ కాలేజీల సంగతి తెలుసుకోండి

దక్షిణాది యూనివర్సిటీలు నల్లజాతి విద్యార్థులను గడప తొక్కనివ్వని రోజుల్లో, ఆ ప్రాంతపు మేటి ఆటగాళ్లంతా హెచ్‌బీసీయూల్లోనే ఆడారు. ఎస్‌ఈసీ అనే పెద్ద లీగ్‌లో మొదటి నల్లజాతి ఫుట్‌బాల్ ఆటగాడు మైదానంలోకి దిగింది 1967లో. అప్పటికే హెచ్‌బీసీయూ అయిన గ్రాంబ్లింగ్‌లో కోచ్ ఎడ్డీ రాబిన్సన్ పాతికేళ్లుగా జట్లను తయారు చేస్తున్నారు. 1941లో మొదలుపెట్టి 1997లో తప్పుకునేసరికి ఆయన గెలిచిన మ్యాచ్‌లు 408. ఆ గ్రాంబ్లింగ్ నుంచి వచ్చిన డగ్ విలియమ్స్, సూపర్ బౌల్ (ప్రొఫెషనల్ లీగ్ ఫైనల్) గెలిచిన మొదటి నల్లజాతి క్వార్టర్‌బ్యాక్. ప్రొఫెషనల్ లీగ్‌లో దిగ్గజాలైన వాల్టర్ పేటన్ జాక్సన్ స్టేట్ నుంచి, జెర్రీ రైస్ మిసిసిపీ వ్యాలీ స్టేట్ నుంచి, మైకేల్ స్ట్రేహాన్ టెక్సస్ సదరన్ నుంచి వచ్చారు.

పెద్ద యూనివర్సిటీల తలుపులు తెరుచుకున్నాక ఆ ప్రతిభలో ఎక్కువ భాగం డబ్బున్న చోటికి వెళ్లింది. హెచ్‌బీసీయూ కోచ్‌లు అప్పటి నుంచి చిన్న బడ్జెట్‌తో, కొద్దిమంది సిబ్బందితో నెట్టుకొస్తున్నారు. దేశమంతా విమానాల్లో తిరిగి పిల్లలను వెతికే స్తోమత వాళ్లకు లేదు. ఈ ఒక్క విషయం అర్థమైతే మీరు చేయాల్సింది తెలిసిపోతుంది: వాళ్లు వచ్చి తలుపు తట్టేదాకా కూర్చోకండి, మీరే ముందుగా పలకరించండి.

ఎవరిని పలకరించాలో తెలియాలంటే స్థాయిలు తెలియాలి. కాలేజీ ఆటలో పై స్థాయి డివిజన్ 1. అందులో పెద్ద యూనివర్సిటీల మెట్టుకు కిందిదైన ఎఫ్‌సీఎస్ స్థాయిలో రెండు ప్రధాన హెచ్‌బీసీయూ లీగ్‌లు ఉన్నాయి. ఎస్‌డబ్ల్యూఏసీలో జాక్సన్ స్టేట్, సదరన్, గ్రాంబ్లింగ్, ఫ్లోరిడా ఏ అండ్ ఎం, ప్రెయిరీ వ్యూ ఏ అండ్ ఎం లాంటి 12 జట్లు ఆడతాయి. ఎమ్‌ఈఏసీలో హోవర్డ్, సౌత్ కరోలినా స్టేట్, నార్త్ కరోలినా సెంట్రల్, మోర్గన్ స్టేట్, నార్ఫోక్ స్టేట్, డెలవేర్ స్టేట్. ఈ రెండు లీగ్‌ల తరఫున చెరో జట్టు 2015 నుంచి దాదాపు ఏటా డిసెంబర్‌లో అట్లాంటాలో సెలబ్రేషన్ బౌల్ అనే మ్యాచ్‌లో తలపడుతున్నాయి. డివిజన్ 2లో సీఐఏఏ, ఎస్‌ఐఏసీ లీగ్‌లున్నాయి. ఓక్లహోమాలోని లాంగ్‌స్టన్ లాంటివి ఎన్‌ఏఐఏ అనే వేరే సంఘంలో ఆడతాయి.

డివిజన్ 2 అనగానే చిన్నచూపు చూసేవాళ్లున్నారు. నాకది బాధ కలిగిస్తుంది. సీఐఏఏ జట్టయిన ఫేయెట్‌విల్ స్టేట్‌లో ఆడిన జోషువా విలియమ్స్‌ను 2022లో ప్రొఫెషనల్ జట్టు కాన్సస్ సిటీ చీఫ్స్ డ్రాఫ్ట్ నాలుగో రౌండ్‌లో తీసుకుంది. ఆ సీజన్‌లోనే చీఫ్స్ సూపర్ బౌల్ గెలిచింది.

తొమ్మిదో తరగతి మార్కుల నుంచే లెక్క మొదలు

పదకొండో తరగతిలో ఆట చూసి ముచ్చటపడిన కోచ్, ట్రాన్స్‌క్రిప్ట్ (మార్కుల రికార్డు) చూసి వెనక్కి తగ్గిన సందర్భాలు ఎన్నో. డివిజన్ 1లో ఆడాలంటే, ఈ డివిజన్లను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ ఒప్పుకునే 16 కోర్ కోర్సులు పూర్తి చేయాలి, వాటిలో జీపీఏ కనీసం 2.3 ఉండాలి. ఆ 16లో 10 కోర్సులు పన్నెండో తరగతి మొదలయ్యేలోపే అయిపోవాలి. ఆ పదిలో ఏడు ఇంగ్లిష్, లెక్కలు, సైన్స్‌కు చెందినవై ఉండాలి. ఈ పది కోర్సుల గడువు దగ్గరే చాలామంది దెబ్బతింటారు, ఎందుకంటే చివరి ఏడాదిలో ఎంత కష్టపడినా ఆ లోటు పూడదు. డివిజన్ 2కు కోర్ జీపీఏ 2.2 చాలు. ఎన్‌ఏఐఏకు అర్హత చూసే సెంటర్ వేరే ఉంది.

బడిలో పాసైన ప్రతి సబ్జెక్టూ కోర్ కోర్సు కిందికి రాదు. మీ బడికి ఎన్‌సీఏఏ ఆమోదించిన కోర్సుల జాబితా ఎలిజిబిలిటీ సెంటర్ వెబ్‌సైట్‌లో ఉంటుంది. ఏటా కోర్సులు ఎంచుకునే ముందు కౌన్సెలర్‌తో కూర్చుని ఆ జాబితాతో సరిపోల్చుకోండి. అర్హత కోసం ఎస్‌ఏటీ, ఏసీటీ స్కోర్లను ఎన్‌సీఏఏ ఇప్పుడు అడగడం లేదు. అయినా పరీక్ష రాయించమనే నా సలహా. చాలా కాలేజీల్లో మెరిట్ స్కాలర్‌షిప్‌కు ఆ స్కోరు పనికొస్తుంది. ఆ డబ్బు ఎంత విలువైనదో కింద చెప్తాను.

మూడు నాలుగు నిమిషాల వీడియో

హైస్కూల్ ఫుట్‌బాల్ వీడియోలన్నీ దాదాపు హడల్ అనే వెబ్‌సైట్‌లోనే ఉంటాయి. కోచ్‌లు చూసేదీ అక్కడే. అబ్బాయి అత్యుత్తమ ప్లేలు ఐదారు మొదట్లోనే రావాలి. మంచిదాన్ని ఆఖరికి దాచిపెడితే అక్కడిదాకా ఎవరూ చూడరు. స్నాప్‌కు (బంతి ఆటలోకి వచ్చే క్షణానికి) ముందు ఆటగాడి చుట్టూ గుండ్రంగా గీత గీయండి, లేకపోతే 22 మందిలో మనవాడెవడో కోచ్‌కు తెలియదు. స్లో మోషన్లు, బూతులున్న పాటలు వద్దు.

ఏ పొజిషన్‌కు ఏం చూపించాలన్నది ఇంకా ముఖ్యం. అఫెన్సివ్ లైన్‌మన్ అయితే ఎదుటివాడిని కిందపడేసిన ఒక్క క్షణం చాలదు. మొదటి రెండు అడుగులు, చేతులు పడిన చోటు, విజిల్ దాకా వదలకుండా నెట్టడం కనిపించాలి. కార్నర్‌బ్యాక్ అయితే ఇంటర్‌సెప్షన్లే కాకుండా, వెనక్కి పరిగెడుతూ ఒక్కసారిగా నడుము తిప్పి దిశ మార్చుకునే ప్లేలు పెట్టాలి. ఓపెన్ ఫీల్డ్‌లో చేసిన ట్యాక్లింగ్ కూడా ఉండాలి. హైలైట్స్ నచ్చిన కోచ్ వెంటనే అడిగేది పూర్తి మ్యాచ్ వీడియో. గట్టి జట్టుతో ఆడిన రెండు మ్యాచ్‌లు సిద్ధంగా ఉంచుకోండి, ఓడిపోయినవైనా ఫర్వాలేదు.

కోచ్‌కు మొదటి మెయిల్

కాలేజీ అథ్లెటిక్స్ వెబ్‌సైట్‌లోని స్టాఫ్ పేజీలో రిక్రూటింగ్ కోఆర్డినేటర్, పొజిషన్ కోచ్, మీ ప్రాంతాన్ని చూసుకునే కోచ్ వివరాలు దొరుకుతాయి. హెడ్ కోచ్‌కు ఒక్కడికే రాసి ఊరుకోకండి. మెయిల్ రాయాల్సింది అబ్బాయే, అమ్మానాన్నలు కాదు. సబ్జెక్ట్ లైన్‌లోనే పేరు, గ్రాడ్యుయేషన్ సంవత్సరం, పొజిషన్, ఊరు, జీపీఏ ఉండాలి. లోపల ఇలా రాస్తే సరిపోతుంది:

"కోచ్, నేను 2027లో గ్రాడ్యుయేట్ అవుతున్నాను. ఔట్‌సైడ్ లైన్‌బ్యాకర్‌ని, ఎత్తు 6 అడుగుల 1 అంగుళం, బరువు 205 పౌండ్లు, కోర్ జీపీఏ 3.4. పోయిన అక్టోబర్‌లో మీ హోమ్‌కమింగ్ మ్యాచ్‌కు వచ్చాను. మీ డిఫెన్స్‌లో లైన్‌బ్యాకర్లను ఎడ్జ్ నుంచి రష్ చేయించే తీరు నచ్చింది, మా బడిలో నేను ఆడేదీ అదే. మీ దగ్గర సివిల్ ఇంజనీరింగ్ చదవాలని ఉంది. వీడియో, ట్రాన్స్‌క్రిప్ట్ జతచేశాను. మా కోచ్ నంబర్ కింద ఉంది. జూన్‌లో మీ క్యాంప్‌కు వస్తున్నాను."

ఎత్తు, బరువు ఉన్నదున్నట్టు రాయాలి. క్యాంప్‌లో కొలవగానే అబద్ధం బయటపడుతుంది. ఒకే మెయిల్‌ను పేరు మార్చి 50 కాలేజీలకు కొట్టడం కూడా పనిచేయదు. పెద్ద యూనివర్సిటీ దొరక్కపోతే చూద్దాం అనే ధోరణి హెచ్‌బీసీయూ కోచ్‌లు ఇట్టే పసిగడతారు. వాళ్లకు తమ కాలేజీ అంటే ప్రాణం. ఆ కాలేజీని కోరి వచ్చేవాడు కావాలి.

జవాబు రాకపోతే కంగారు వద్దు. ఎన్‌సీఏఏ క్యాలెండర్ ప్రకారం కోచ్ కొన్ని రోజుల్లో కుటుంబాన్ని బయట కలవకూడదు. డెడ్ పీరియడ్‌లో ముఖాముఖి కలవడమే కుదరదు. క్వయెట్ పీరియడ్‌లో క్యాంపస్‌లో మాత్రమే కలవచ్చు. ఎవాల్యుయేషన్ పీరియడ్‌లో కోచ్ బడికి వచ్చి ఆట చూడొచ్చు కానీ, క్యాంపస్ బయట అబ్బాయితోగానీ మీతోగానీ కూర్చుని మాట్లాడకూడదు. అలాంటప్పుడు కోచ్ ముక్తసరిగా పలకరించి వెళ్లిపోతే తప్పుగా అనుకోవద్దు. కొత్త మ్యాచ్ వీడియో వచ్చినప్పుడల్లా రెండు వాక్యాలతో మళ్లీ రాయండి. మీ హైస్కూల్ కోచ్‌తో ఒక ఫోన్ చేయించండి. ఆయన మాటకు ఉండే బరువు మెయిల్‌కు ఉండదు.

క్యాంప్‌కు వెళ్లండి, క్యాంపస్‌లో తిరగండి

వేసవిలో చాలా కాలేజీలు ఒక్కరోజు క్యాంప్‌లు పెడతాయి. పది చోట్లకు పరిగెత్తేకంటే నిజంగా ఇష్టమైన రెండు మూడు కాలేజీల సొంత క్యాంప్‌లకు వెళ్లడం మేలు. అక్కడ 40 గజాల పరుగు టైమ్ ఒక్కటే చూడరు. ఒకసారి చెప్పిన తప్పును కుర్రాడు రెండోసారికి దిద్దుకున్నాడా, తన వంతు కాకపోయినా తోటివాడిని ఉత్సాహపరిచాడా అన్నవి పొజిషన్ కోచ్‌లు గమనిస్తారు.

శరదృతువులో ఒక హోమ్ మ్యాచ్‌కు తప్పకుండా తీసుకెళ్లండి, వీలైతే పూర్వ విద్యార్థులంతా తిరిగొచ్చే హోమ్‌కమింగ్‌కు. హాఫ్‌టైమ్‌లో జనం సీట్లలోంచి లేవని స్టేడియాలు ఇవి. ఫ్లోరిడా ఏ అండ్ ఎం మార్చింగ్ 100, సదరన్ వాళ్ల హ్యూమన్ జూక్‌బాక్స్, జాక్సన్ స్టేట్ సోనిక్ బూమ్ బ్యాండ్ల కోసమే వచ్చేవాళ్లు వేలల్లో ఉంటారు. తాత, తండ్రి, మనవరాలు ముగ్గురూ అదే కాలేజీలో చదివి, ఒకే టెంట్ కింద కూర్చుని భోంచేస్తుంటారు. ఆ చనువు, ఆ పట్టింపు ఆటగాడికి నాలుగేళ్లూ తోడుంటాయి. నల్లజాతి కుర్రాడికైతే తనలాంటి ప్రొఫెసర్లు, ఇంజనీర్లు, డాక్టర్ల మధ్య చదవడం ఎంత ధైర్యమో ఆ కుటుంబాలు చెప్తుంటే వినాలి. తెలుగు కుర్రాడైతే, తను అడుగుపెడుతున్నది ఎవరు ఎంత కష్టపడి నిలబెట్టుకున్న ఇంట్లోకో తెలుసుకుని, ఆ మర్యాదతో వెళ్లాలి.

మీ ఖర్చుతో వెళ్తే అన్‌అఫీషియల్ విజిట్, కాలేజీ ఖర్చు పెట్టి పిలిస్తే అఫీషియల్ విజిట్. రెంటిలోనూ మంగళవారం సాయంత్రం లైబ్రరీ, ట్యూటరింగ్ సెంటర్, హాస్టల్ గదులు, ట్రైనర్ గది ఎలా ఉంటాయో అడిగి చూడండి. రెండో ఏడాది ఆటగాళ్లతో కోచ్‌లు లేనప్పుడు మాట్లాడమని అబ్బాయికి చెప్పండి.

ఆఫర్ వచ్చాక డబ్బు లెక్క

కోచ్ ఫోన్‌లో "ఆఫర్ ఇస్తున్నాం" అంటే పని అయిపోయినట్టు కాదు. ఇవాళ సరే అంటే చోటు ఖాయమేనా, లేక ఇంకెవరైనా కాదన్నాకే ఇస్తారా అని మర్యాదగా అడగండి. ఈ పొజిషన్‌లో ఈ ఏడాది ఎంతమందిని తీసుకుంటున్నారు, ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ల జాబితా) నుంచి ఎంతమంది వస్తున్నారు, గాయమైతే స్కాలర్‌షిప్ ఏమవుతుంది, ఏడాదికోసారి రెన్యూ చేస్తారా అన్నవీ అడగాలి. పోర్టల్ వచ్చాక అన్ని చోట్లా హైస్కూల్ పిల్లలకు సీట్లు తగ్గాయి.

ఎఫ్‌సీఎస్‌లో చాలా ఏళ్లపాటు ఒక జట్టుకు 63 పూర్తి స్కాలర్‌షిప్‌లకు సమానమైన డబ్బే పరిమితి, డివిజన్ 2లో 36. దాన్ని ముక్కలుగా చేసి ఎక్కువమందికి పంచేవారు. 2025లో కోర్టు ఆమోదించిన సెటిల్‌మెంట్‌లో చేరిన డివిజన్ 1 కాలేజీలకు ఆ పరిమితి పోయి, జట్టులో 105 మందికి మించకూడదన్న నియమం వచ్చింది. కానీ పరిమితి తీసేసినంత మాత్రాన చిన్న కాలేజీ ఖజానా నిండదు. అందుకే సగం స్కాలర్‌షిప్, పావు స్కాలర్‌షిప్ ఇప్పటికీ మామూలే. మార్కుల మీద వచ్చే డబ్బు వేరే ఖాతాలోంచి వస్తుంది కాబట్టి, 3.5 జీపీఏ ఉన్న ఆటగాడు కోచ్ బడ్జెట్‌కు తేలికగా సరిపోతాడు.

కాలేజీ పంపే ఎయిడ్ లెటర్‌ను ఇలా చదవాలి. ఊహకు ఒక లెక్క వేద్దాం. ఏడాది మొత్తం ఖర్చు 32,000 డాలర్లు. ఫుట్‌బాల్ స్కాలర్‌షిప్ 10,000, మెరిట్ 6,000, పెల్ గ్రాంట్ (తిరిగి కట్టనక్కర్లేని ఫెడరల్ సాయం) 4,000, ఫెడరల్ లోన్ 5,500. కింద "మొత్తం సాయం 25,500" అని ఉంటుంది. చూడగానే 6,500 కడితే చాలనిపిస్తుంది. లోన్ మనం తీర్చాల్సిందే కదా, దాన్ని తీసేస్తే అసలు భారం 12,000. ప్రతి కాలేజీ లెటర్‌నూ లోన్ లేకుండా లెక్కేసి పక్కపక్కన పెట్టుకోండి. బయటి రాష్ట్రం ట్యూషన్ మాఫీ చేస్తారేమో కూడా అడగండి.

పెల్ గ్రాంట్‌కు ఎఫ్‌ఏఎఫ్‌ఎస్‌ఏ అనే ఫెడరల్ సాయం దరఖాస్తు పన్నెండో తరగతిలో వీలైనంత తొందరగా నింపాలి. సిటిజన్లకు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు అది వర్తిస్తుంది. హెచ్4 మీద ఉన్న మన పిల్లలకు ఫెడరల్ సాయం రాదు. కాలేజీ సొంతంగా ఇచ్చే అథ్లెటిక్, మెరిట్ స్కాలర్‌షిప్‌లకు మాత్రం అడగవచ్చు. 21 ఏళ్లు నిండితే హెచ్4 చెల్లదు, అంటే డిగ్రీ మధ్యలో ఎఫ్1కు మారాల్సి వస్తుంది. పేరు, ఫొటో వాడుకున్నందుకు ఆటగాళ్లకు వచ్చే ఎన్‌ఐఎల్ డబ్బు కూడా వీసా మీద చిక్కులు తెస్తుంది. సంతకానికి ముందే ఇమ్మిగ్రేషన్ లాయర్‌ను కలవండి.

సంతకం, ఆ తర్వాత

ఆటగాడు ఒక కాలేజీకి కట్టుబడుతూ సంతకం చేసే పాతకాలపు నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్ 2024 అక్టోబర్‌లో రద్దయింది. ఇప్పుడు కాలేజీతో ఆర్థిక సాయం ఒప్పందంపైనే సంతకం చేస్తారు. డిసెంబర్ మొదట్లో ఒక విడత, ఫిబ్రవరిలో ఇంకో విడత సంతకాలు జరుగుతాయి. స్కాలర్‌షిప్ లేకుండా ప్రిఫర్డ్ వాకాన్‌గా పిలిస్తే, పైన వేసిన లెక్కలాగే ఇంటి డబ్బుతో సరితూగుతుందో లేదో చూసుకుని ఒప్పుకోండి.

ఒకచోట మాట ఇచ్చాక మిగతా కోచ్‌లకు అబ్బాయి చేతే ఫోన్ చేయించండి, వాళ్లు ఆ చోటును ఇంకొకరికి ఇవ్వాలి. పన్నెండో తరగతి చివరి గ్రేడ్లు పడిపోకుండా చూసుకోండి. గ్రాడ్యుయేషన్ అయిన వారంలోనే ఫైనల్ ట్రాన్స్‌క్రిప్ట్‌ను ఎలిజిబిలిటీ సెంటర్‌కు పంపమని కౌన్సెలర్‌కు గుర్తుచేయండి. కాలేజీ ట్రైనర్ అడిగే వైద్య పరీక్ష కాగితాలు, టీకాల రికార్డు, సికిల్ సెల్ ట్రెయిట్ పరీక్ష ఫలితం కూడా అప్పటికే చేతిలో ఉండాలి. అవి లేకపోతే మొదటి ప్రాక్టీస్‌కు ప్యాడ్స్ ఇవ్వరు.