ఫ్లాపీ డ్రైవ్ పనిచేయని పాత కంప్యూటర్‌లో లినక్స్ ఎక్కించడం ఎలా?

ఫ్లాపీ డ్రైవ్ పాడైంది. సీడీ నుంచి బూట్ చేయడం బయోస్‌కి (కంప్యూటర్ ఆన్ చేయగానే ముందుగా లేచే ప్రోగ్రాముకి) రాకపోవచ్చు, యూఎస్‌బీ సంగతి సరేసరి. అయినా ఇంకో ఫ్లాపీ డ్రైవ్ కోసం వెతకడం దండగ. హార్డ్ డిస్క్ బాగుంటే దాన్ని ఊడదీసి, వేరే కంప్యూటర్‌కి తగిలించి లినక్స్ ఎక్కించి, మళ్లీ బిగించేయవచ్చు.

దానికి ముందు బయోస్‌లో బూట్ ఆర్డర్ ఒకసారి చూడండి. సీడీరామ్ పేరు కనిపిస్తే పని సులువే. కాకపోతే పాత డ్రైవ్‌లు చాలావాటికి సీడీ-ఆర్‌డబ్ల్యూ డిస్కులు చదవడం రాదు. మామూలు సీడీ-ఆర్ మీద తక్కువ స్పీడులో రాసి పెట్టండి.

ఏ లినక్స్ అనేది ప్రాసెసర్‌ని బట్టి ఉంటుంది. డెబియన్ అనే లినక్స్‌లో 32-బిట్ మెషీన్లకు ఇన్‌స్టాలర్ ఇచ్చిన చివరిది 12వ వెర్షన్. దానికి పెంటియం-2 స్థాయి ప్రాసెసర్ అయినా కావాలి, మొదటి తరం పెంటియం, ఏఎండీ కే6 లాంటివి పనికిరావు. వాటికీ, ర్యామ్ 128 ఎంబీ లోపున్న మెషీన్లకీ టైనీ కోర్ అనే బుల్లి లినక్స్ మేలు. దానికి 46 ఎంబీ ర్యామ్ చాలు. కింద చెప్పేది డెబియన్ పద్ధతి.

పాత హార్డ్ డిస్కుల కనెక్టర్ రకం పేరు ఐడీఈ. డెస్క్‌టాప్ ఐడీఈ డిస్కుకి 40 పిన్నులు, ల్యాప్‌టాప్ డిస్కుకి 44. ల్యాప్‌టాప్ డిస్కుకి కరెంటు కూడా ఆ పిన్నుల్లోంచే అందుతుంది కాబట్టి కనెక్టర్ ఒక వరస పక్కకి జరిగితే డిస్క్ కాలిపోవచ్చు. పక్కన విడిగా ఉండే నాలుగు పిన్నులు జంపర్లవి (డిస్క్ మాస్టరా, స్లేవా అని చెప్పే చిన్న క్లిప్పులు), వాటిని కలుపుకోకూడదు. ఐడీఈ-యూఎస్‌బీ అడాప్టర్ ఒకటి కావాలి. డెస్క్‌టాప్ డిస్క్ అయితే 12 వోల్టుల పవర్ అడాప్టర్ కూడా ఉండాలి. అడాప్టర్‌కి తగిలించినా డిస్క్ కనబడకపోతే జంపర్‌ని మాస్టర్‌కి మార్చి చూడండి. ముందు ఎక్కడుందో ఫోటో తీసుకుంటే తిరిగి బిగించేటప్పుడు తికమక ఉండదు.

కొత్త కంప్యూటర్‌ని నేరుగా ఇన్‌స్టాలర్‌తో బూట్ చేస్తే రెండు చిక్కులు. అది యూఈఎఫ్ఐలో (బయోస్ స్థానంలో వచ్చిన కొత్త పద్ధతిలో) బూట్ అయితే గ్రబ్ (లినక్స్‌ని లేపే బూట్ లోడర్) కూడా ఆ పద్ధతిలోనే ఎక్కుతుంది, పాత బయోస్‌కి అదేమిటో తెలియదు. రెండోది, పొరపాటున గ్రబ్ కొత్త కంప్యూటర్ సొంత డిస్కులోకి పోవచ్చు. అందుకని క్యూఈఎంయూ లాంటి వర్చువల్ మెషీన్‌లో పాత డిస్కుని మాత్రమే తగిలించి, అందులో ఇన్‌స్టాలర్ నడపండి. అది మామూలు బయోస్‌తోనే లేస్తుంది, ఇంకో డిస్క్ దానికి కనపడదు. తగిలించేముందు ఎల్ఎస్‌బీఎల్‌కే (lsblk) కమాండ్‌తో డిస్క్ సైజు చూసి అదేనని రూఢి చేసుకోండి. మౌంట్ అయి ఉంటే అన్‌మౌంట్ చేయండి. డిస్కులో ఉన్నదంతా పోతుంది, కావలసినవి ముందే కాపీ చేసుకోవాలి.

ఇన్‌స్టాలర్ మెనూలో ఎక్స్‌పర్ట్ ఇన్‌స్టాల్ ఎంచుకోండి. అసలు జాగ్రత్తలు మూడూ ఇక్కడే ఉన్నాయి.

మొదటిది పార్టిషన్లు. పార్టిషన్ టేబుల్ కొత్త జీపీటీ రకం కాకుండా పాత ఎంఎస్‌డాస్ రకం కావాలి. డిస్క్ మొదట్లోనే 400 ఎంబీ /బూట్ పార్టిషన్ చేయండి, ఆ తర్వాత 512 ఎంబీ స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడుకునే చోటు), మిగిలినదంతా రూట్ (సిస్టమ్ ఉండే పార్టిషన్). గ్రబ్ కెర్నెల్‌ని (లినక్స్ అసలు భాగాన్ని) బయోస్ ద్వారానే చదువుతుంది. పాత బయోస్‌లు కొన్ని 8.4 జీబీ దాటి, మరీ పాతవైతే 504 ఎంబీ దాటి చూడలేవు. కెర్నెల్ ఒకసారి లోడైతే సొంత డ్రైవర్ వాడుకుంటుంది, అప్పుడీ హద్దు ఉండదు.

రెండోది కెర్నెల్. వర్చువల్ మెషీన్‌లో ప్రాసెసర్ కొత్తది కాబట్టి ఇన్‌స్టాలర్ 686-పీఏఈ కెర్నెల్‌ని ముందుకు తోస్తుంది. పీఏఈ అంటే 4 జీబీ దాటిన ర్యామ్ వాడుకోనిచ్చే ప్రాసెసర్ సౌకర్యం. మొదటి తరం పెంటియం-ఎం ల్యాప్‌టాప్‌లు తమకు పీఏఈ లేదంటాయి, ఆ కెర్నెల్ అక్కడ బూట్ కాదు. పీఏఈ లేని ఉత్త 686 తీసుకుంటే ఏ గొడవా లేదు.

మూడోది, ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్‌లో (బూట్ మొదట్లో కెర్నెల్ వాడుకునే డ్రైవర్ల మూటలో) అన్ని డ్రైవర్లూ పెట్టమనే జెనరిక్ ఎంపిక. టార్గెటెడ్ అంటే వర్చువల్ మెషీన్‌కి కావలసినవే పెడుతుంది. అలాగైతే డిస్కుని పాత మెషీన్లో బిగించాక రూట్ దొరకలేదని చెప్పి ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్ ప్రాంప్ట్ దగ్గర ఆగిపోతుంది.

ప్యాకేజీలు అడిగినప్పుడు డెస్క్‌టాప్ వద్దనండి, కావాలంటే తర్వాత తేలికపాటిది వేసుకోవచ్చు.

డిస్కుని తిరిగి బిగించేటప్పుడు రిబ్బన్ కేబుల్ ఎర్ర గీత ఒకటో పిన్ను వైపుండాలి. బయోస్‌లో డిస్క్ మోడ్ ఎల్‌బీఏ అని పెట్టండి. నార్మల్‌లో వదిలేస్తే తెర మీద గ్రబ్ అనే మాట దగ్గరే ఆగిపోవచ్చు. సిస్టమ్ లేచినా నెట్‌వర్క్ రాకపోతే కంగారు పడనక్కర్లేదు. వర్చువల్ మెషీన్‌లో నెట్ కార్డుకి ఒక పేరు, ఇక్కడ ఇంకో పేరు. ఐపీ కమాండ్‌తో కొత్త పేరు చూసి నెట్‌వర్క్ ఇంటర్‌ఫేసెస్ ఫైల్లో మార్చండి.

డిస్క్ తీయడం కుదరని మెషీన్లో విండోస్ 98 గనక ఉంటే లోడ్‌లిన్ ఉంది, అది డాస్‌లోంచి లినక్స్‌ని లేపే ప్రోగ్రామ్. ఇన్‌స్టాలర్ కెర్నెల్, ఇనిట్ఆర్‌డీ ఫైళ్లను ఎనిమిది అక్షరాల లోపు పేర్లతో సీ డ్రైవ్‌లోకి కాపీ చేసి, ఎంఎస్‌డాస్ మోడ్‌లోంచి నడపాలి. విండోస్ లోపలి డాస్ కిటికీలోంచి నడవదు. ఈఎంఎం386 అనే డాస్ మెమరీ డ్రైవర్ అడ్డొస్తే కాన్ఫిగ్.సిస్‌లో ఆ లైను తీసేయండి.

ఇక ఆ చెడిన ఫ్లాపీ సంగతి. బయోస్‌లో డ్రైవ్ ఏ (A:) దగ్గర నన్ (None) అని పెట్టి, ఫ్లాపీ సీక్ (బూట్‌లో ఫ్లాపీని వెతకడం) ఆపేయండి. లేకపోతే కొన్ని బయోస్‌లు ఫ్లాపీ ఫెయిల్ అని ఎఫ్1 నొక్కేదాకా కదలవు. ఆ తర్వాత కూడా ఎఫ్‌డీ0 (లినక్స్‌లో ఫ్లాపీ డ్రైవ్ పేరు) ఎర్రర్లు వస్తూ బూటింగ్ నెమ్మదిగా ఉంటే, మాడ్‌ప్రోబ్ బ్లాక్‌లిస్టులో (లోడ్ చేయకూడని డ్రైవర్ల జాబితాలో) ఫ్లాపీ మాడ్యూల్ పేరు చేర్చి ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్‌ని మళ్లీ తయారు చేయించండి.