'డచెస్ ఆఫ్ మాల్ఫీ'లో చీకటిని ఎలా ఆడించాలి

జాన్ వెబ్‌స్టర్ రాసిన ఈ విషాదాంత నాటకం 1613–14 ప్రాంతంలో లండన్‌లో రంగమెక్కింది. మొత్తం ఆడితే దాదాపు మూడు గంటలు పడుతుంది. కత్తెర మొదట వేయాల్సింది రెండో అంకం ఆరంభంలో ఆస్థానంలోని ముసలాయన కాస్త్రూచియోనూ, ఒక ముసలావిడనూ బోసొలా (డచెస్ మీద ఆమె సోదరుడు పెట్టిన గూఢచారి) దెప్పే చోట. కార్డినల్ ప్రియురాలు జూలియా పాత్ర మాత్రం ఎత్తేయొద్దు. డచెస్‌ను చంపించింది తానేనని ఆమె సోదరుడైన ఈ మతాధికారి కార్డినల్ బయటపెట్టేది జూలియా దగ్గరే, చాటునుంచి బోసొలా వినేదీ అప్పుడే.

అసలు పరీక్ష నాలుగో అంకంలో ఉంది. డచెస్ కవల సోదరుడు ఫెర్డినాండ్ చీకట్లో తోడబుట్టిన బంధం మరిచి ఆమెకు ఒక చెయ్యి అందిస్తాడు. ఆమె దాన్ని ముద్దుపెట్టుకుని, ఇంత చల్లగా ఉందేమిటంటూ దీపాలు తెమ్మంటుంది. అది శవం చెయ్యి! ఆమెకు తెలిసేదాకా ప్రేక్షకులకూ తెలియకూడదు. అలాగని వేదికను పూర్తిగా చీకటి చేస్తే మాటలు ఎవరివో అర్థంకాక జనం కదలడం మొదలుపెడతారు. వెనకనుంచి సన్నటి నీలి వెలుగు 5 శాతం దగ్గర పెడితే ఆకారాలు తెలుస్తాయి, వేళ్లు తెలియవు. సిలికాన్ చేతిని గంటసేపు ఐసులో ఉంచి, ఫెర్డినాండ్ వెడల్పాటి చొక్కా చేతిలో దాచండి. ఆ చల్లదనం తగలగానే నటి ముఖం దానంతటదే మారుతుంది. లైట్లు వెలిగించే సంకేతం (క్యూ) ఆమె కేక మీద కాదు, దీపాలు అడిగే మాట మీద పెట్టండి. వెలుగు ఆలస్యమైతే చెయ్యి కనపడకముందే కేక వినపడి, హాల్లో నవ్వులు పుడతాయి.

డచెస్ గొంతు బిగించే దృశ్యానికి తాడును మధ్యలో తెంపి వెల్క్రోతో అతకండి, గట్టిగా లాగితే ఊడిపోవాలి. మెడకు చుట్టొద్దు, ముడి అసలే వద్దు. తాడు ముందువైపు కాలర్ ఎముకల మీద ఆగాలి, అదుపు నటి పిడికిళ్లలోనే ఉండాలి. కొనలు పట్టుకున్నవాళ్లు లాగుతున్నట్టు ఒళ్లు బిగిస్తారు, అంతే. పోరాట దృశ్యాలు తెలిసిన నిపుణుడు ఎదురుగా లేకుండా రిహార్సల్ చేయొద్దు.

నెత్తురుకు ఒక కప్పు కార్న్ సిరప్, పావు కప్పు నీళ్లు, రెండు చెంచాల ఎరుపు ఫుడ్ కలర్, రెండు చుక్కల నీలం, ఒక చెంచా కోకో పొడి. కోకో లేకపోతే లైట్ల కింద గులాబీరంగులోకి తిరుగుతుంది. నేలమీద పడితే బంకగా పట్టి, అడుగు జారుతుంది. అందుకే దృశ్యానికీ దృశ్యానికీ మధ్య తడిగుడ్డతో తుడిచే మనిషిని ముందే నియమించుకోండి.

ఐదో అంకంలో శవాలు వరసగా పడుతుంటే జనం నవ్వకుండా ఆపేది మళ్లీ ఆ నీలి వెలుగే. బోసొలా పొరపాటున డచెస్ భర్త ఆంటోనియోను పొడిచేది చీకట్లోనే. సేవకుడు లాంతరు తెచ్చేదాకా స్టేజి లైట్లు పెంచకండి. ఆ లాంతరు వెలుగొక్కటే ఆంటోనియో ముఖం మీద పడాలి, బ్యాటరీ ప్రతి ప్రదర్శనకు ముందూ మార్చండి.