జేన్ ఆస్టెన్ నవలలను తనివితీరా చదవడం ఎలా?

జేన్ ఆస్టెన్ పూర్తి చేసిన నవలలు ఆరు మాత్రమే. 1775లో ఇంగ్లండ్‌లోని హాంప్‌షైర్ ప్రాంతంలో, స్టీవెంటన్ అనే పల్లెటూరి చర్చి మతాధికారి ఇంట పుట్టి, 1817లో 41 ఏళ్ల వయసులో కన్నుమూసిన ఈ రచయిత్రి నవలలన్నిటినీ తీరిక ఉన్న పాఠకులు ఒక్క వేసవి సెలవుల్లో ముగించవచ్చు. అలా ముగించినవారిలో కొందరు ‘అన్నీ పెళ్ళి కథలే కదా’ అని పక్కన పెట్టేస్తారు. మరికొందరు అవే పుస్తకాలను ఏళ్ల తరబడి మళ్ళీ మళ్ళీ తెరుస్తూ ఉంటారు. ఈ రెండో వర్గంలో చేరడానికి గొప్ప ఆంగ్ల పాండిత్యం అవసరం లేదు. ఎవరి చేతిలో ఎంత డబ్బు ఉంది, ఏ మాటను ఎవరు ఎవరి చెవిన పడేలా అంటున్నారు అన్న రెండు సంగతులను వదలకుండా గమనించే ఓపిక ఉంటే చాలు.

1. వరుస నిర్ణయించుకోండి

ప్రచురణ క్రమాన్నే పాటించనక్కర లేదు. సంభాషణలే కథను లాక్కుపోతాయి కనుక 1813లో వచ్చిన ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’తో మొదలుపెట్టి, ఆ తర్వాత ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’, నిడివిలో చిన్నదైన ‘పర్స్వేషన్’ చదవండి. చెవి కాస్త అలవాటు పడ్డాక ‘ఎమ్మా’ చేపట్టండి. ‘మాన్స్‌ఫీల్డ్ పార్క్’ను చివరికి ఉంచుకోవడం మంచిది; నెమ్మదస్తురాలైన దాని కథానాయిక ఫ్యానీ ప్రైస్ దగ్గరికి చమత్కారం కోసం వచ్చినవారు మొదటిసారి నిరాశ పడతారు, నా దృష్టిలో ఆరింటిలోనూ గంభీరమైన నవల అదే అయినప్పటికీ. ఆనాటి భయానక నవలలను ఎగతాళి చేసే ‘నార్తాంగర్ అబ్బే’ను మధ్యలో ఎప్పుడైనా చదవవచ్చు. దాని తొలి రూపాన్ని 1803లో ఒక ప్రచురణకర్త 10 పౌండ్లకు కొని అచ్చు వేయకుండా అట్టిపెట్టుకోగా, 1816లో అదే సొమ్ము చెల్లించి వెనక్కి తీసుకోవలసి వచ్చింది.

2. సరైన ప్రతిని ఎంచుకోండి

విద్యార్థుల కోసం కుదించి తిరగరాసిన పుస్తకాలను దగ్గరికి రానీయవద్దు. వాటిలో కథ మిగులుతుంది, ఆస్టెన్ మిగలదు. పూర్తి పాఠాలు ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. అయితే మొదటి నవలకైనా వివరణలున్న అచ్చు ప్రతి కొనుక్కుంటే బండ్ల రకాలు, సైన్యంలో హోదాలు, పిలుపుల మర్యాదలు తెలియక తడబడే పని ఉండదు. ఇంకొక సంగతి: ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ మొదట మూడు సంపుటాలుగా వెలువడింది. 61 అధ్యాయాలూ ఒకే వరుసలో ఉన్న ప్రతి మీ చేతికి వస్తే, 23వ, 42వ అధ్యాయాల చివర పెన్సిల్‌తో గీత గీసి అక్కడ కొన్ని రోజులు ఆగండి. 42వ అధ్యాయం ముగిసేసరికి కథానాయిక ఎలిజబెత్, డార్సీ అనే ధనికుడి ఎస్టేటైన పెంబర్లీకి బయలుదేరబోతూ ఉంటుంది. ఆనాటి పాఠకులు రెండో సంపుటం మూసి మూడోది తెరిచినది అక్కడే.

3. ఆదాయాల పట్టిక రాసుకోండి

ఈ పనిని ఎవరూ మానకూడదు. పుస్తకం చివరి ఖాళీ పేజీలో ఒక్కొక్క పాత్ర పేరు, పక్కన సాలుకు వచ్చే ఆదాయం రాసుకుంటూ పోండి. ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’లో డార్సీకి ఏటా 10,000 పౌండ్లు, అతని స్నేహితుడు బింగ్లీకి నాలుగైదు వేలు, ఎలిజబెత్ తండ్రి బెన్నెట్ గారికి 2,000. బెన్నెట్ దంపతులకు ఐదుగురు ఆడపిల్లలే కావడం, వారి ఎస్టేటు మగ వారసుడికే చెందాలన్న కట్టడి ఉండడం వల్ల, తండ్రి కన్నుమూసిన మరుక్షణం ఇల్లూ భూమీ దూరపు బంధువైన కాలిన్స్ పరమవుతాయి. తల్లీబిడ్డలకు రాసిపెట్టి ఉన్నది 5,000 పౌండ్లు. నూటికి నాలుగు చొప్పున దాని మీద ఏటా వచ్చేది 200, ఐదుగురు పంచుకుంటే తలా 40. ఎలిజబెత్‌ను పెళ్ళాడమని అడుగుతూనే కాలిన్స్ ఈ లెక్కను ఆమె ముఖం మీదే ఏకరువు పెడతాడు, అదీ తల్లి పోయేదాకా చేతికి రాదని గుర్తుచేస్తూ మరీ. పట్టిక రాసుకున్న పాఠకులు కూతుళ్ళ పెళ్ళిళ్ళ కోసం అంగలార్చే బెన్నెట్ భార్యను చూసి మునుపటంత తేలిగ్గా నవ్వలేరు. ఎలిజబెత్ స్నేహితురాలు, 27 ఏళ్ల షార్లెట్ లూకస్ అదే కాలిన్స్‌కు సరేనని ఎందుకు అన్నదో కూడా వారికి విడమరచి చెప్పనక్కర లేదు.

కట్నం లెక్కలు, ఎకరాల లెక్కలు ఇంట్లో వింటూ పెరిగిన తెలుగు పాఠకులకు ఈ పట్టిక వెనుక ఉన్న భయం బయటి ఊరిదిగా అనిపించదు.

4. బిగ్గరగా చదవండి

రోజుకు రెండు మూడు అధ్యాయాలకు మించకుండా, కనీసం సంభాషణలనైనా పైకి చదవాలి. సాధనకు ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’ రెండో అధ్యాయాన్ని మించినది లేదు. సవతి తల్లినీ చెల్లెళ్ళనూ ఆదుకుంటానని చనిపోతున్న తండ్రికి మాట ఇచ్చిన జాన్ డాష్‌వుడ్, ముగ్గురు చెల్లెళ్ళకూ తలా 1,000 పౌండ్లు ఇవ్వాలనుకుంటాడు. భార్య ఫ్యానీ ఒక్కసారి కూడా ‘ఇవ్వవద్దు’ అని తెగేసి చెప్పదు. ఆమె మాట్లాడుతున్నకొద్దీ ఆ వెయ్యి ఐదు వందలై, తర్వాత తల్లికి ఏటా వంద పౌండ్లై, అదీ పోయి అప్పుడప్పుడూ యాభై పౌండ్ల కానుకగా మారి, చివరకు ఇల్లు వెతకడంలో సాయపడి, చేపలూ వేట మాంసమూ పంపితే చాలన్న దగ్గర తేలుతుంది. ప్రతి మెట్టు దగ్గరా జాన్ ఆ నిర్ణయం తనదేనని నమ్ముతూ ఉంటాడు. మనసులో చదువుకుంటే ఇది పిసినారితనం కథ మాత్రమే. పైకి చదివితే ఫ్యానీ గొంతులోని తీపి, జాన్ గొంతులోని ఉపశమనం రెండూ వినిపిస్తాయి.

తర్వాత మరింత సూక్ష్మమైన పని ఒకటి ఉంది. కథ చెబుతున్న గొంతు ఎక్కడికక్కడ పాత్ర ఆలోచనలోకి, ఏ హెచ్చరికా లేకుండా, జారిపోతుంది. ఒక వాక్యం చదివి ‘ఇది రచయిత్రి అభిప్రాయమా, ఎమ్మా అభిప్రాయమా?’ అని సందేహం వచ్చిన చోటల్లా అంచున ప్రశ్నార్థకం పెట్టండి.

5. ‘ఎమ్మా’ను వెంటనే రెండోసారి చదవండి

మొదటి పఠనంలో మనం ఎమ్మా కళ్ళతో చూస్తాం. ఆమె పొరపడిన చోటల్లా మనమూ పొరపడతాం. ముగింపు తెలిసిన తర్వాత, మీరు పెట్టుకున్న ప్రశ్నార్థకాలు దగ్గర ఉంచుకుని మళ్ళీ మొదలుపెట్టండి. కేవలం జుట్టు కత్తిరించుకోవడానికి ఫ్రాంక్ చర్చిల్ పదహారు మైళ్ళ దూరంలోని లండన్‌కు వెళ్ళి రావడం, ఎవరు పంపారో తెలియని పియానో ఒకటి జేన్ ఫెయిర్‌ఫాక్స్ ఉండే ఇంటికి రావడం వంటి ఆధారాలన్నీ మొదటిసారి మన కళ్ళ ముందే ఉన్నాయి. ఎడతెగకుండా మాట్లాడే మిస్ బేట్స్ పేరాలను చాలామంది దాటేస్తారు. రెండోసారి వాటినే నిదానంగా చదవండి, ఊళ్ళో జరుగుతున్నదంతా అందులోనే ఉంటుంది.

6. నవలల చుట్టూ ఉన్నవి చూడండి

ఆస్టెన్ ఉత్తరాల్లో దాదాపు 160 మిగిలాయి. చాలా వాటిని అక్క కసాండ్రా నాశనం చేసింది. వాటితోపాటు ‘లేడీ సుసాన్’ అనే నవలిక, టీనేజీలో రాసిన అల్లరి కథలు, అసంపూర్తిగా ఆగిన ‘శాండిటన్’ చదవవచ్చు. ‘పర్స్వేషన్’కు ఆమె మొదట రాసి, నచ్చక మార్చేసిన ముగింపు అధ్యాయాల చేతిరాత బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉంది, చాలా ప్రతులలో దానిని అనుబంధంగా అచ్చు వేస్తారు. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూస్తే, రచనను మెరుగుపరచడం అంటే ఏమిటో ఏ పాఠ్యపుస్తకమూ చెప్పనంతగా తెలుస్తుంది. బ్రిటన్‌లో ఉంటున్న తెలుగువారు 1809 నుంచి ఆమె నివసించిన చాటన్ గ్రామంలోని ఇంటిని చూసి రావచ్చు, అది ఇప్పుడు మ్యూజియం.

7. తెర మీది రూపాలను తర్వాతకు ఉంచుకోండి

నవల పూర్తయ్యేదాకా సినిమా చూడకపోవడం మంచిది, నటుల ముఖాలు ఒకసారి మనసులో పడితే చెరగవు. చూసేటప్పుడు చేర్చినదేమిటో, వదిలేసినదేమిటో రాసుకోండి. 1995లో బీబీసీ ఆరు భాగాలుగా తీసిన ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’లో డార్సీ కొలనులో దూకే ప్రసిద్ధ దృశ్యం నవలలో లేదు. తెలుగులోకి ‘ప్రియురాలు పిలిచింది’గా అనువదించిన 2000 నాటి తమిళ చిత్రానికి ఆధారం ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’. ఇల్లు చేజారిన తల్లీకూతుళ్ళ కథ అందులో ఎంత సహజంగా తమిళ నేలలో ఇమిడిందో, జాన్, ఫ్యానీల సంభాషణకు అక్కడ ఏ గతి పట్టిందో పోల్చి చూడండి.