వీధికో కంచాల బ్యాంకు: కొనడం తేలిక, కడిగించడమే అసలు పని

ఏ శుభకార్యమైనా భోజనాలు అయ్యాక పక్కనున్న ఖాళీ స్థలంలో ఏం మిగులుతుందో మనందరికీ తెలుసు. వెండి రంగు కాగితం ప్లేట్లు, నలిగిన గ్లాసులు, రెండు గుక్కలు తాగి పారేసిన చిన్న నీళ్ల సీసాలు, వాటి మధ్య అన్నం, సాంబారు. ఆ అన్నం కోసం ఆవులు వస్తాయి. ప్లేటుకు అంటుకున్న పెరుగన్నాన్ని వేరు చేసుకుని తినడం వాటికి చేతకాదు, ప్లేటుతో సహా నమిలేస్తాయి. తెల్లారాక మిగిలినదానికి ఎవరో ఒకరు నిప్పు పెడతారు.

2022 జూలై 1 నుంచి దేశమంతటా ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు నిషేధంలో ఉన్నాయి. థర్మాకోల్‌వి కూడా అందులోకే వస్తాయి. వాటి స్థానంలో కాగితం ప్లేట్లు, కాగితం కప్పులు వచ్చాయి గానీ, వాటి లోపల నిగనిగలాడే పొర చాలావరకు ప్లాస్టిక్కే. కాగితం కప్పులో 100 మిల్లీలీటర్ల వేడి ద్రవం పావుగంట ఉంచితే దాదాపు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ కణాలు అందులో కలుస్తాయని ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధకులు 2020లో తేల్చారు. అంటే పేరు మారింది, చెత్త మారలేదు.

విజయనగరంలో మా వీధిలో 45 గడపలు. మేం స్టీలు కంచాలు, గ్లాసులు ఉమ్మడిగా కొని, ఎవరింట్లో కార్యం ఉంటే వాళ్లకు ఇస్తున్నాం. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. బెంగళూరులో అదమ్య చేతన సంస్థ ప్లేట్ బ్యాంకు నడుపుతోంది. సిద్దిపేటలో స్టీలు బ్యాంకు అన్న పేరుతోనే పెట్టారు. కేరళ 2015 జాతీయ క్రీడలప్పుడు కడిగి వాడుకునే పాత్రలనే నియమంగా పెట్టుకుంది. మీ వీధిలో, మీ అపార్ట్‌మెంట్‌లో పెట్టుకోవాలనుకుంటే మా అనుభవంలో పనికొచ్చినవన్నీ ఇక్కడ రాస్తున్నాను.

ముందు సామాన్లు

వంద సెట్లతో మొదలుపెట్టండి. ఒక సెట్టంటే కంచం, గ్లాసు, చిన్న గిన్నె, చెంచా. రెండొందల మంది భోజనానికి వంద సెట్లు సరిపోతాయి, ఎందుకంటే మనవాళ్లు బంతులుగా తింటారు. మొదటి బంతి లేచాక ఆ కంచాలు కడిగి ఆరేలోపు రెండో బంతికి మిగతావి ఉంటాయి. బఫే పెడితే మాత్రం అందరూ ఒక్కసారే లైన్లో నిలబడతారు, అప్పుడు వంద చాలవు. బంతి భోజనమే పెట్టమని ఆ ఇంటివాళ్లకు ముందే చెప్పండి. కూర్చోబెట్టి వడ్డిస్తే కంచంలో పారేసే అన్నం కూడా తగ్గుతుంది.

మాకు సెట్టు రెండొందల రూపాయల లోపే పడింది. ఇంటికి సగటున ఐదొందల చొప్పున 22,500 పోగయ్యాయి. సెట్లు పోను మిగిలిన డబ్బుతో కడగడానికి తొట్లు కొన్నాం. ఇచ్చుకోలేని ఇళ్ల దగ్గర అడగలేదు, కానీ వాడుకునే హక్కు మాత్రం 45 ఇళ్లకూ ఒకటే. ఇది మొదటి రోజే అందరి ముందూ చెప్పేయాలి.

స్టీలు కాటా మీద అమ్ముతారు కాబట్టి పల్చటిది తీసుకుంటే చవక. కానీ పల్చటి కంచం నాలుగు కార్యాలకే సొట్టలు పోతుంది. చేతిలో పట్టుకుని అంచు నొక్కి చూడండి, వంగితే వద్దు. కొట్టువాళ్లు అయస్కాంతం పెట్టి చూపించి "అతుక్కోలేదు చూడండి, మేలురకం" అంటారు. స్టీలులో మేలైన 304 రకానికీ అతుక్కోదు, దానికంటే చవకైన 202 రకానికీ అతుక్కోదు. కాబట్టి ఆ పరీక్షతో ఏది 304 అన్నది తేలదు, బిల్లు మీద రకం రాయించుకోండి.

గదుల కంచాలు చూడ్డానికి బాగుంటాయి గానీ కొనకండి. ఆ మూలల్లో పప్పు ఎండిపోతే వదిలించడానికి రెట్టింపు సమయం పడుతుంది. గుండ్రటి, అంచు లేచిన మామూలు కంచమే మంచిది. గ్లాసులు తీసుకునేటప్పుడు ఒకదాంట్లో ఒకటి పెట్టి లాగి చూడండి. కొన్ని బిగుసుకుపోయి ఊడిరావు. అన్నిటి మీదా వీధి పేరు కొట్టించండి. పేరు లేని కంచం ఎవరి వంటింట్లోనైనా కలిసిపోతుంది, అందులో ఎవరి దురుద్దేశమూ ఉండదు.

ఎంగిలి మాట

ఇంతవరకూ డబ్బుతో అయ్యే పని. మనుషులతో పని ఇక్కడ మొదలవుతుంది. మా వీధిలో ఒక పెద్దాయన మొదటి సమావేశంలోనే అడిగారు: "ఎవరెవరో తిన్న కంచాల్లో మేం తినడం ఏంటమ్మా?" ఆ ప్రశ్నను కొట్టిపారేయకూడదు. చాలామంది మనసులో ఉన్నదాన్ని ఆయన బయటికి అన్నారు. "హోటల్లో కంచం కూడా ఎవరో తిన్నదే కదా మావయ్యగారూ. అక్కడ ఎలా కడిగారో మనకు కనపడదు, ఇక్కడ మన కళ్లముందే కడుగుతారు" అన్నాను. అందుకే కడిగే చోటు ఎప్పుడూ ఇంటి వెనకాల మూల కాకుండా, నలుగురూ వచ్చి చూడగలిగే చోట పెట్టించండి. నమ్మకం మాటలతో రాదు, చూస్తే వస్తుంది.

మాంసాహారం సంగతి కూడా వస్తుంది. మేం ముప్ఫై సెట్ల అంచు మీద ఒక చుక్క కొట్టించి మాంసాహారానికి విడిగా పెట్టాం. నాకు ఇది పూర్తిగా ఇష్టం లేదు, ఎందుకంటే ఒక గీత గీస్తే అది ఎక్కడిదాకా పోతుందో చెప్పలేం. కానీ శాకాహారం ఇళ్లవాళ్లు మళ్లీ కాగితం ప్లేట్లకు వెళ్లిపోవడం కంటే ఇది నయమనిపించింది. అయితే ఒక మాట గట్టిగా రాసుకున్నాం: కంచాన్ని తిండిని బట్టి వేరు చేస్తాం, మనిషిని బట్టి చేయం. మా వీధి ఊడ్చే ఆవిడ కూతురి పెళ్లికీ ఇవే కంచాలు వెళ్లాయి, తిరిగొచ్చాక వాటిలోనే మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం భోజనాలు జరిగాయి.

దినకార్యాలకు వాడినవి శుభకార్యాలకు వద్దన్నారు కొందరు. దాని మీద వాదన పెట్టుకోలేదు. ఆ భోజనం ఆకులో వడ్డించడం ఎటూ ఆనవాయితీ కాబట్టి వాటికి అరిటాకులు వాడుతున్నాం, మా దగ్గరనుంచి బకెట్లు, గరిటెలు, జగ్గులు ఇస్తున్నాం.

కడగడం

కంచాల బ్యాంకు నిలబడినా, మూలపడినా ఇక్కడే. "మేమే కడిగేసుకుంటాం" అని ఏ ఇంటివాళ్లు చెప్పినా ఒప్పుకోకండి. పెళ్లి జరిగిన రోజు రాత్రి ఆ కంచాలు కడిగేది ఆ ఇంటి ఆడవాళ్లే. అలిసిపోయి ఉంటారు, రెండోసారి కంచాలు అడగరు. కూలి ఇచ్చి కడిగించాలి, ఆ కూలి కంచాలు తీసుకునే ముందే కంచాల బ్యాంకుకు కట్టాలి. రెండొందల మందికి ఇద్దరు కావాలి. వాళ్లకు మొదటి బంతితోనే భోజనం పెట్టాలి. చివర్లో మిగిలింది పెట్టడం మర్యాద కాదు.

మా దగ్గర కడిగే ఆవిడ ఒకసారి అంది: "కడగడం కష్టం కాదమ్మా, వంగి కడగడం కష్టం." అప్పటినుంచి తొట్లను బల్ల మీద, నడుము ఎత్తులో పెడుతున్నాం. చేతులకు రబ్బరు తొడుగులు, కాళ్ల కింద జారకుండా గోనెసంచి కూడా ఉండాలి.

పద్ధతి ఇది. తిన్నవాళ్లే లేచి కంచంలో మిగిలింది ఒక బకెట్లోకి దులపాలి. ఆ బకెట్ పక్కన ఒక మనిషి నిలబడి ఉండాలి, లేకపోతే టిష్యూలు, నీళ్ల సీసాలు అందులోనే పడతాయి. పిల్లలకు ఈ పని అప్పజెప్తే ఎంత శ్రద్ధగా చేస్తారో! ఎవరైనా అన్నం వదిలేస్తే మొహం మీదే అడుగుతారు. తర్వాత నాలుగు తొట్లు వరుసగా: మొదటి దాంట్లో ఉత్త నీళ్లు, రెండో దాంట్లో సబ్బు నీళ్లు, మూడు నాలుగు తొట్లలో మంచినీళ్లు. మూడోది మురికైతే పారబోసి నాలుగోదాన్ని అక్కడికి జరపాలి. కుళాయి కింద ఒక్కొక్కటీ కడిగితే పోయే నీళ్లలో చాలా మిగులుతాయి. ఎండాకాలంలో రోజు విడిచి రోజు నీళ్లొచ్చే ఊళ్లలో ఇది చిన్న విషయం కాదు.

చివరగా వేడినీళ్లు. వంట మేస్త్రికి ముందే చెప్పి, వంట అయ్యాక పొయ్యి మీద ఒక గుండిగ నీళ్లు పెట్టించండి. కంచాలు, గ్లాసులు చిల్లుల బుట్టలో పెట్టి ఆ వేడినీళ్లలో ముంచి తీస్తే జిడ్డు వాసన పోతుంది, తొందరగా ఆరతాయి కూడా. గుడ్డతో తుడవొద్దు. పది కంచాలు తుడిచాక ఆ గుడ్డే మురికి. నులక మంచం మీద నిలువుగా ఆనించి ఎండలో పెట్టండి.

కుంకుడురసం జిడ్డు వదిలిస్తుంది గానీ ఇన్ని కంచాలకు పిసకడం అయ్యే పని కాదు, సబ్బు పొడే వాడండి. ఇనుప పీచు అసలు వద్దు. దాని తునకలు స్టీలుకు అంటుకుని తుప్పు మచ్చలు పడతాయి, కొబ్బరిపీచు చాలు. పచ్చడి, సాంబారు అంటిన కంచాలు రాత్రంతా అలాగే వదిలేస్తే ఉప్పు స్టీలును కూడా తినేస్తుంది, సన్నటి గుంటలు పడతాయి. ఎంత రాత్రయినా ఒక్కసారి నీళ్లలో జాడించి పెట్టాలి.

దులిపిన అన్నం ఏం చేయాలి? పాలవాళ్లకు ఇవ్వొచ్చు, కానీ చాలామందికి తెలియని ప్రమాదం ఒకటుంది. ఒకే ఆవుకు ఒక్కసారి కుప్పగా అన్నం పెడితే దాని కడుపులో పులుపు పెరిగి ప్రాణం మీదకు వస్తుంది. గడ్డితో కలిపి, నాలుగైదు పశువులకు కొంచెం కొంచెంగా పెట్టమని చెప్పి ఇవ్వండి. మిగతాది ఎండుటాకులు దండిగా కలిపి ఎరువు గుంతలో వేయాలి. వందమందికి మించి పిలిచే కార్యమైతే, లైసెన్సు ఉన్న హాలు కాకుండా ఇంటి దగ్గరో వీధిలోనో చేసేటప్పుడు, మూడు పనిదినాల ముందు మున్సిపాలిటీకి చెప్పాలని, తడి పొడి చెత్త వేరుచేసి ఇవ్వాలని 2016 నాటి ఘనవ్యర్థాల నిబంధనల్లోనే పెట్టారు. ఆ కబురు చెప్పేటప్పుడే చెత్త బండి ఎన్నింటికి వస్తుందో అడిగి పెట్టుకోండి.

లెక్క, తాళం

ఇచ్చేటప్పుడు, తీసుకునేటప్పుడు ఇద్దరి ముందు లెక్కపెట్టాలి. పాతికేసి కంచాలు ఒక క్రేటులో సర్దితే లెక్క తేలిక. పుస్తకంలో తేదీ, ఇల్లు, ఎన్ని వెళ్లాయి, ఎన్ని వచ్చాయి, సంతకం ఉంటే చాలు. డిపాజిట్ వెయ్యి రూపాయలు. పోయిన కంచానికి కొత్త కంచం ధర పట్టుకుంటాం, అది మా అన్నయ్య ఇంట్లో అయినా సరే. తాళం ఒకరి దగ్గరే ఉంటే వాళ్లు ఊరెళ్లినప్పుడు పని ఆగిపోతుంది, రెండో తాళంచెవి ఇంకో ఇంట్లో ఉండాలి.

సెట్టుకు మూడు రూపాయలు అద్దె తీసుకోండి. ఉచితంగా ఇచ్చిన వస్తువును ఎవరూ జాగ్రత్తగా చూడరు. "డబ్బు మిగులుతుంది" అని మాత్రం ఎవర్నీ ఒప్పించకండి. వంద సెట్ల అద్దె మూడొందలు, ఇద్దరి కూలి పన్నెండొందలు, మొత్తం పదిహేనొందలు. రెండొందల మందికి కాగితం ప్లేట్లు, గ్లాసులు కొన్నా దాదాపు అంతే అవుతుంది. తేడా అల్లా ఆ డబ్బు ఎటు పోతుందనేదే. అటు వెళ్తే చెత్తకుప్పకు, ఇటు వస్తే మన వీధిలో ఇద్దరి ఇంటికి. ఇలా చెప్పినప్పుడే జనం ఒప్పుకున్నారు.

రెండు కార్యాలు ఒకే ముహూర్తానికి పడితే? మాఘంలో, వైశాఖంలో తప్పదు. ముందు పేరు రాయించుకున్నవాళ్లకు కంచాలు, రెండోవాళ్లకు విస్తర్లు. మనవైపు పార్వతీపురం, సీతంపేట ఏజెన్సీల నుంచి అడ్డాకులు వస్తాయి. వెదురు పుల్లలతో కుట్టినవి అడిగి కొనండి, ఆ డబ్బు అడవిలో ఆకులు ఏరే ఆడవాళ్ల దాకా వెళ్తుంది. మిషను మీద అచ్చు వేసిన విస్తరి కొంటే వెనక్కి తిప్పి ఒక మూల చింపి చూడండి. చాలావాటికి ఆకు వెనక ప్లాస్టిక్ కాగితం అంటించి ఉంటుంది. అది నేలలో కలవదు, దాన్ని ఆకు విస్తరి అని అమ్మడం అన్యాయం.

మొదటిసారే పెద్ద పెళ్లికి ఇవ్వకండి. శ్రీరామనవమి పానకానికి గ్లాసులు మాత్రమే తీయండి. తొట్ల వరుస, కడిగే చోటు, లెక్క అన్నీ తేలిగ్గా అలవాటవుతాయి. ఆ తర్వాత వినాయక చవితి అన్నదానం, కార్తీక వనభోజనాలు.

ఆషాఢంలో ముహూర్తాలుండవు కాబట్టి మేం అప్పుడు అన్నీ బయటికి తీసి లెక్కపెట్టి, సొట్టలు తీయించి, తగ్గినవి కొంటాం. ఈ ఏడాది అద్దె డబ్బుతో కుళాయి ఉన్న రెండు స్టీలు డ్రమ్ములు తీసుకోవాలని తీర్మానించాం. అవి వస్తే పావులీటరు నీళ్ల సీసాలు కూడా ఆపేయమని అడగడానికి వీలవుతుంది. ఇప్పటికైతే కంచం పక్కన ఆ సీసా ఇంకా కనిపిస్తూనే ఉంది.